సోపాన క్షేత్రములు : సవర కొండల వరిమళ్ళు, బాలి ద్వీపపు జలాలయములు



మన కళింగాంధ్రము సూర్యోపాసనకు నిలయమైన సీమ. మార్చి, అక్టోబరు మాసములలో కొద్ది దినములు అరసవల్లి స్వామి పాదములను ఉదయకిరణములు తాకును. ఆ దర్శనము కొరకు భక్తులు చీకటితోనే లేచి వత్తురు. ఆ వేళకే అదే సూర్యుడు సీతంపేట కొండలలో, సవర గూడెముల దిగువన, మెట్లు మెట్లుగా కట్టిన వరిమళ్ళ మీద కూడ ఉదయించుచుండును. నాట్ల కాలమున ఆ మళ్ళలో నీరు నిలిచియుండగా ఒక్కొక్క మడి ఒక్కొక్క అద్దమై వెలుగును. ఆ దర్శనమునకు మనలో ఎందరము వెళ్ళితిమి?

నేడు మనవారు సముద్రము దాటి ఇండోనేషియాలోని బాలి ద్వీపమునకు పోయి, జతిలువి వంటి గ్రామములలో సూర్యోదయవేళ వరి సోపానములను చూచి పరవశించుచున్నారు. పరవశించుట తప్పు కాదు. అయితే అక్కడ చూడవలసినది అందము మాత్రమే కాదు. అక్కడి రైతులు 'సుబక్' అను నీటి సంఘములుగా ఏర్పడి సేద్యము చేయుదురు. ఈ వ్యవస్థ మూలములు క్రీ.శ. 9వ శతాబ్ది వరకు పోవును. ప్రతి సంఘమునకు ఒక జలాలయము కలదు. ఏ ఊరు ఎప్పుడు నాటవలెను, ఏ మళ్ళకు ఎప్పుడు నీరు వదలవలెను అనునది ఆ ఆలయముల వద్దనే నిర్ణయమగును. వారు ధాన్యమును 'దేవీ శ్రీ' అని కొలుతురు. ఆ పేరు మనకు క్రొత్తది కాదు కదా! దైవముతో, తోటి మనిషితో, ప్రకృతితో పొత్తు కుదిరి యుండుటయే సుఖహేతువని వారి సిద్ధాంతము. దానినే 'త్రిహితకరణ' మందురు. 2012లో యునెస్కో ఐదు చోట్ల గల ఈ మళ్ళను, వాటి ఆలయములను కలిపి 19,500 హెక్టార్ల మేర ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది.

ఈ ఆలయ వ్యవస్థ వట్టి ఆచారమేనా అని కొందరికి సందేహము కలుగవచ్చును. చరిత్రయే సమాధానము చెప్పినది. 1970వ దశకములో అక్కడ అధిక దిగుబడి వంగడములు ప్రవేశపెట్టి, ఆలయపు వరుసను ప్రక్కన పెట్టి, వీలైనన్ని మారులు నాటుడని రైతులను ప్రోత్సహించిరి. కొంత కాలమునకే నీటికి కొరత వచ్చినది. చీడపీడలు విజృంభించినవి. ఒక ప్రాంతపు మళ్ళన్నియు ఒకేసారి కోసి బీడుగా విడిచినప్పుడు పురుగునకు తిండి దొరకదు. నాట్లు తలొక వేళకు పడినచో అది ఒక మడినుండి మరియొక మడికి పోయి బ్రతుకును. ఇందలి మర్మమును స్టీఫెన్ లాన్సింగ్ అను పండితుడు పరిశోధించి, 1991లో గ్రంథముగా వెలువరించెను. పూజారి నిర్ణయములో గణితమున్నదని లోకము అప్పుడు గ్రహించినది.

ఇక మన సవరల మాట. ఐతరేయ బ్రాహ్మణములోని శునశ్శేపోపాఖ్యానమున ఆంధ్రులు, శబరులు ఒకే చోట, విశ్వామిత్రుని సంతతిగా పేర్కొనబడినారు. శ్రీముఖలింగ క్షేత్రమున ఇప్పచెట్టునందు వెలసిన మధుకేశ్వరుని కథలోను, పూరీ క్షేత్రపు నీలమాధవుని కథలోను స్వామిని ముందుగా ఎరిగినవారు సవరలే. వారి భాష ముండా శాఖకు చెందినది. సముద్రమున కావలనున్న ఖ్మేర్, మోన్ భాషలు దానికి దూరపు చుట్టములు. వంశధార సముద్రములో కలియుచోట నున్న కళింగపట్నము ప్రాచీన రేవు. జావా శాసనములలో విదేశీయుల నడుమ 'క్లింగ్' జనుల ప్రస్తావన కలదు. అంతమాత్రమున బాలి వారికి మెట్ల సేద్యము మనము నేర్పితిమని చెప్పుట సాహసము. అందుకు ఆధారము లేదు. కొండను, నీటిని గౌరవించిన జనము ఎక్కడికక్కడ ఈ విద్యను సాధించుకొన్నదనుటయే న్యాయము.

సవరల నిర్మాణము గమనించుడు. కొండ నడుమ గెడ్డ దిగివచ్చు లోయను ఎన్నుకొందురు. వాలునకు అడ్డముగా, సున్నము లేకుండ, రాతిపై రాయి పేర్చి గోడ కట్టుదురు. దాని వెనుక మన్ను నింపి చదును చేయుదురు. పై మడి నిండి పొర్లిన నీరు క్రింది మడిలోనికి దిగును. కొట్టుకొనివచ్చిన సారవంతమైన ఒండ్రు ఏ మెట్టునకా మెట్టున నిలిచిపోవును. ఒక్క గట్టు తెగినచో దిగువ మళ్ళన్నిటికి ముప్పు. కనుక పైవాని శ్రద్ధయే క్రిందివాని పంట. సవరలు పోడు కూడ చేయుదురు. కాని పోడు నేల కొన్నేళ్ళకు అలసిపోవును, మెట్టుమడి తరతరములు నిలుచును. 1909లో వెలువడిన థర్స్టన్ గ్రంథములోను, 1955లో వెలువడిన వెరియర్ ఎల్విన్ గ్రంథములోను ఈ పనితనము వర్ణింపబడినది. గిడుగు వేంకటరామమూర్తి పంతులుగారు వారి భాష నేర్చి, వారి బిడ్డలకు బడులు పెట్టి, 1931లో సవర భాషా వ్యాకరణమును ప్రకటించినారు.

అట్టి కష్టజీవుల భూములు అప్పుల పాలై చేతులు మారినవి. ఆ వేదననుండి 1960వ దశకము చివర ఈ కొండలలో రైతాంగ పోరాటము చెలరేగినది. గిరిజనుల భూమి గిరిజనేతరులకు బదలాయింపు కాకుండ 1959 నాటి నిబంధన 1970లో కట్టుదిట్టము చేయబడినది. 2022లో సీతంపేట, భామిని మండలములు శ్రీకాకుళము జిల్లానుండి పార్వతీపురం మన్యము జిల్లాలో చేరినవి. జిల్లా పేరు మారినను గట్టు నిలుపు చేతుల అవసరము మారలేదు. యువకులు కూలికై దూరదేశములు పోయినచో, ఏ రాతిగోడ జారినను తిరిగి పేర్చువాడు ఉండడు. పేర్చు విద్య ఏ పుస్తకములోను లేదు. అది చేతినుండి చేతికి రావలసినదే.

కొత్త పంటను దేవతలకు, పితరులకు నివేదింపక సవరలు నోట పెట్టరు. కొత్తల పండుగ అందుకే. మనము స్వామికి మహానైవేద్యము సమర్పించి ప్రసాదము స్వీకరించుట కూడ ఆ భావమే కదా! కనుక కొండకు పోవు భక్తులు దానిని విహారస్థలముగా గాక క్షేత్రముగా భావింపవలెను. క్షేత్రమనగా పొలము, పుణ్యస్థలము రెండును. గట్టుపై నడవవలసివచ్చినచో అడిగి నడువుడు. గెడ్డలో చెత్త వేయకుడు. వారి ధాన్యమును, చిరుధాన్యములను, పసుపును బేరము తగ్గింపక కొనుడు. ఆ గెడ్డల నీరే ఏరులై మన పల్లపు చేలను తడుపుచున్నది. పై మడి వానికి క్రింది మడివాడు ఋణపడియుండుట కొండ ధర్మము. ఆ లెక్కన మనమందరమును క్రింది మడివారమే.