కీర్తన మధ్యలో ఏడుపు

తెలుగు బైబిలులో ‘విలాపవాక్యములు’ ఐదు అధ్యాయాల చిన్న పుస్తకం. క్రీ.పూ. 587 ప్రాంతంలో బబులోను సైన్యం యెరూషలేమును నేలమట్టం చేసినప్పటి దుఃఖం అది. అందులో నగరం ఒక స్త్రీ. బిడ్డల్ని పోగొట్టుకున్న ఆ తల్లి తన తప్పు ఒప్పుకుంటూనే, ఇంత శిక్షా అని దేవుణ్ణి నిలదీస్తుంది. జవాబు రాకుండానే పుస్తకం ముగుస్తుంది.

సంప్రదాయం ఈ పుస్తకాన్ని యిర్మీయా ప్రవక్త పేరున చెబుతుంది. కానీ యిర్మీయా గ్రంథం తొమ్మిదో అధ్యాయంలోనే శోకాలు పాడే స్త్రీలను పిలిపించడం, ఆ విద్యను కూతుళ్లకు నేర్పమనడం కనిపిస్తాయి. శవం దగ్గర రాగం తీసి, పోయినవాళ్ల మంచిని తలుచుకుంటూ ఏడ్చే మన పల్లె ఆడవాళ్లను ఎరిగిన నాకు ఇది కొత్తగా అనిపించలేదు.

క్రైస్తవం బలపడ్డాక ఈ విద్య మీద అనుమానం పెరిగింది. పునరుత్థానాన్ని నమ్మేవాళ్లకు గుండెలు బాదుకోవడమేమిటని నాలుగో శతాబ్దంలో జాన్ క్రిసోస్తోమ్ స్త్రీలను మందలించాడు. శోకాలకు బదులు కీర్తనలు పాడాలన్నది అప్పటి బోధ.

ఆ శతాబ్దంలోనే, 379 ప్రాంతంలో, నేటి టర్కీలోని పొంతులో మక్రీనా చనిపోయింది. తమ్ముడు, నిస్సా బిషప్పు గ్రెగొరీ ఆమె జీవితం రాశాడు. కరవులో దారిపక్కన పడి ఉంటే ఆమె తెచ్చి సాకిన అమ్మాయిలు అందరికంటే ఎక్కువ ఏడ్చారట. వాళ్లకు ఆమె తల్లి, దాది. తనకూ దుఃఖం ఆగలేదని గ్రెగొరీ దాచుకోలేదు. అయినా తేరుకుని, ఏడుపు మాని కీర్తన ఎత్తుకోమన్నాడు. వాళ్లు పాడారు. సమాధి వేళకు ఒకామె, ఈ ముఖం ఇక కనబడదని కేక పెట్టింది. మిగతావాళ్లూ గొల్లుమన్నారు. కీర్తన చెదిరిపోయింది.

గ్రెగొరీకి అది క్రమం తప్పడం. నాకలా తోచదు. 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు మొరలే. సిలువ మీద యేసు పెట్టిన కేక 22వ కీర్తన తొలి పలుకే. ఏడుపును అణచడానికి చేతికిచ్చిన పుస్తకం నిండా ఏడుపే ఉంది! రాతలోకెక్కిన మగవాడి మొర ప్రార్థన అయింది. ఆ అనాథల గొంతు అల్లరి అయింది.

కష్టంలో ఉన్న స్త్రీకి ‘దేవుని చిత్తం, ఓర్చుకో’ అని చెప్పడం ఇవాళా వింటున్నాం. నిలదీయడం అవిశ్వాసం కాదు. వినేవాడున్నాడన్న నమ్మకం లేకపోతే ఆమె ఎవరిని నిలదీస్తుంది?