మోటారు వణుకు, మోటారు వేడి

సి.ఎన్.సి. లేతులో పనిముట్టును చెప్పిన చోటికి జరిపి, అక్కడే పట్టి ఉంచేది సర్వో మోటారు. షాఫ్టు ఎక్కడుందో ఎన్‌కోడరు చెబుతుంది. ఉండవలసిన చోటికీ, ఉన్న చోటికీ ఎంత తేడా ఉందో చూసి డ్రైవు కరెంటు పంపుతుంది. అయితే ఒక్కోసారి మోటారు నిలిచి ఉండి కూడా సన్నగా రొద చేస్తూ విపరీతంగా వేడెక్కుతుంది. పనేమీ చేయకుండానే ఇంత వేడి ఎక్కడిది?

కొత్తగా సైకిలు నేర్చుకునేవారిని చూడండి. బండి ఎడమకు పోతోందనగానే హ్యాండిలు కుడికి బాగా తిప్పేస్తారు. అది ఎక్కువైందని తెలిసేలోపు బండి కుడికి పోతుంది. మళ్లీ ఎడమకు! దిద్దటంలో ఆత్రం, తెలియటంలో ఆలస్యం కలిస్తే ఊగిసలాట తప్పదు. ఈ ఆత్రాన్నే ఇంజనీర్లు గెయిన్ అంటారు.

ఈ జబ్బు మోటార్ల కంటే పాతది. గ్రీనిచ్ వేధశాల అధిపతి జార్జి ఎయిరీ, దూరదర్శినిని నిలకడగా తిప్పవలసిన గవర్నరు తానే అదుపు తప్పి ఊగటం గమనించి, 1840లో దాన్ని గణితంతో పరిశీలించాడు. ఊగిసలాట ఎప్పుడు అణగుతుందో, ఎప్పుడు పెరుగుతుందో 1868లో మాక్స్‌వెల్ సమీకరణాలతో చూపాడు. 'సర్వో' అన్న మాట మాత్రం ఓడల చుక్కానిని ఆవిరితో తిప్పిన ఫ్రెంచి ఇంజనీరు జోసెఫ్ ఫార్కోది. 1873లో ఆయన రాసిన పుస్తకం పేరులోనే అది ఉంది. లాటిన్‌లో దాని మూలానికి అర్థం బానిస.

ఇక వేడి సంగతి. ఊగే మోటారుకు క్షణక్షణం అటూ ఇటూ కరెంటు కావాలి. తీగచుట్టలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు! మితిమీరి వేడెక్కిన అయస్కాంతం బలహీనపడితే, అదే బలానికి ఇంకా ఎక్కువ కరెంటు కావాలి. చివరకు చుట్ట కాలిపోతుంది.

1942లో జీగ్లర్, నికోల్స్ అనే ఇద్దరు అమెరికన్లు ఈ జబ్బునే కొలబద్దగా వాడుకున్నారు. ఊగిసలాట ఆగకుండా సాగేదాకా గెయిన్ పెంచి, అందులో సగం దగ్గర ఉంచమన్నారు. చక్కని ఉపాయమే గాని, లేతును అలా ఊపితే స్క్రూలు, బేరింగులు దెబ్బతింటాయి. నేటి డ్రైవులు చాలావరకు చిన్న కదలికలతో తమను తామే సర్దుకుంటాయి.

వేడెక్కిన మోటారు కనిపిస్తే బ్రేకు పూర్తిగా విడుతోందో లేదో, ఫ్యానుకు దుమ్ము పట్టిందేమో ముందు చూడండి. రొద కూడా ఉంటే గెయిన్ కొద్దిగా తగ్గించండి. రొద ఆగి, కరెంటు పడిపోతే దోషం దొరికినట్లే. కాని ఏళ్ల తరబడి బాగా నడిచిన యంత్రం హఠాత్తుగా ఊగటం మొదలుపెడితే గెయిన్ జోలికి పోవద్దు. గెయిన్ తనంతట తాను మారదు. కప్లింగు, బెల్టు వదులయ్యాయేమో స్పానరుతో చూడండి.