సైకిల్ హ్యాండిల్: దేశవాళీ వంపు నుంచి రోడ్ బైక్ దాకా

బండిని మలపడం, తొక్కేవారి ఒంటి బరువులో కొంత మోయడం, బ్రేకులకూ గేర్లకూ చోటివ్వడం సైకిల్ హ్యాండిల్ చేసే పనులు. మొదటి పని అందరికీ తెలుసు. రెండోది వేళ్లు తిమ్మిరెక్కినప్పుడు గానీ గుర్తురాదు. రోడ్ బైక్ కొనేవాళ్లు ఫ్రేమ్ బరువు చూస్తారు, గేర్లు లెక్కపెడతారు. నలభై కిలోమీటర్లు పోయాక మెడ పట్టేసి మణికట్టు లాగుతుంటే సీటు బాగాలేదంటారు. చాలాసార్లు అసలు తప్పు హ్యాండిల్ వెడల్పులోనో, ఎత్తులోనో, సీటుకూ దానికీ మధ్య దూరంలోనో ఉంటుంది.

ఈ సంగతి చెప్పుకోవడానికి సూర్యాపేట జిల్లా చివ్వెంల మండలం తగిన చోటు. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి (పాత 9వ నంబరు) ఈ మండలంలోని దురాజ్‌పల్లి మీదుగా కోదాడ వైపు సాగుతుంది. రెండేళ్లకోసారి లింగమంతుల స్వామి జాతర జరిగే పెద్దగట్టు అక్కడే. నున్నటి నాలుగు వరుసల తారు దిగగానే ఊళ్లలోకి సిమెంటు రోడ్లు, అవి దాటితే పొలాల మధ్య మట్టిబాటలు. ఇన్ని రకాల నేలకు ఒకే వంపు హ్యాండిల్ సరిపోదు. హ్యాండిల్ చరిత్రంతా ఈ ఒక్క చిక్కు చుట్టూనే తిరిగింది.

పుట్టుక

1817 జూన్ 12న జర్మనీలోని మాన్‌హైమ్‌లో కార్ల్ డ్రైస్ తన రెండు చక్రాల బండి ఎక్కి వెళ్లాడు. దానికి పెడళ్లు లేవు, కాళ్లతో నేలను తన్నుకుంటూ పోవడమే. ముందు చక్రాన్ని తిప్పడానికి ఒక కర్ర, మోచేతులు ఆనించుకోవడానికి మెత్తటి పలక ఉండేవి. చేతులకు సుఖం ఎలా అన్న ఆలోచన సైకిల్‌తో పాటే పుట్టిందన్నమాట. 1860లలో పారిస్‌లో మిషో కార్ఖానా పెడళ్ల బండ్లు తయారుచేసే నాటికి హ్యాండిల్ అడ్డకడ్డీగా స్థిరపడింది. తరువాతి ఎత్తు చక్రపు సైకిళ్లలో ఆ కడ్డీయే ప్రమాదమైంది. బండి ముందుకు బోల్తా కొడితే తొడలు దాని కింద ఇరుక్కుని మనిషి తలకిందులుగా పడేవాడు. అందుకని కొందరు హ్యాండిల్‌ను కాళ్ల వెనుక నుంచి చుట్టి తెచ్చారు, పడినా కాళ్ల మీద దూకొచ్చని.

1885లో జాన్ కెంప్ స్టార్లీ ఇంగ్లండ్‌లోని కొవెంట్రీలో రోవర్ సైకిల్ తెచ్చాడు. 1888లో డన్లప్ గాలి టైరు వచ్చింది. చక్రాలు రెండూ దాదాపు సమానమై సీటు కిందికి దిగాక, నిటారుగా కూర్చోవాలా వంగి కూర్చోవాలా అన్నది తొక్కేవారి ఇష్టమైంది. అక్కడ హ్యాండిల్ రెండు దారులు పట్టింది. వేగం పెరిగేకొద్దీ సైకిల్‌కు పెద్ద శత్రువు గాలే కాబట్టి పందేల వాళ్లు హ్యాండిల్‌ను ముందుకు, కిందికి వంచారు. 1899లో ప్రపంచ స్ప్రింట్ విజేత అయిన నల్లజాతి అమెరికన్ మేజర్ టేలర్ పేరు, హ్యాండిల్‌ను బండికి కలిపే స్టెమ్‌లలో ముందుకు వెనక్కి జరుపుకునే ఒక రకానికి స్థిరపడిపోయింది. చేతులు ఎంత దూరం చాపాలన్నది ఒక్కో ఒంటికి ఒక్కోలా ఉంటుందని పందెగాళ్లు అంత ముందే గ్రహించారు. రెండో దారి ఇంటికీ పనికీ తిరిగే సైకిల్‌ది. మన ఊళ్లకు వచ్చింది అదే.

మన ఊళ్ల హ్యాండిల్

ముందు రాలీ, హెర్క్యులస్, ఫిలిప్స్ వంటి ఇంగ్లండ్ సైకిళ్లు దిగుమతయ్యాయి. స్వాతంత్ర్యం తరువాత 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో మొదలయ్యాయి. పేర్లు మారినా నల్లటి పెద్ద సైకిల్ రూపం మారలేదు. హ్యాండిల్ రెండు కొసలూ తొక్కేవారి వైపు వెనక్కి తిరిగి ఉంటాయి. బ్రేకులు తీగలతో కాక కడ్డీలతో పనిచేస్తాయి. బ్రేకు పిడులు హ్యాండిల్‌కే అమరి ఉంటాయి కనుక అది తీసి ఇంకోటి పెట్టడం తేలిక కాదు. అందుకే ఆ వంపు దశాబ్దాలు అలాగే నిలిచింది.

దాన్ని పాతకాలపు మొద్దు హ్యాండిల్ అని తీసిపారేయడం అన్యాయం. దాని మీద వెన్ను నిటారుగా ఉంటుంది, బరువంతా స్ప్రింగుల సీటు మీదికి పోతుంది, చేతులకు దారి చూపడమే పని. అరచేతులు మొద్దుబారవు. ఎదురుగాలికి మాత్రం ఛాతీ తెరచాపలా అడ్డం నిలుస్తుంది. కల్లు కుండలు కట్టుకుని తాటివనం నుంచి వచ్చే గీత కార్మికులకు, పాల క్యాన్లు వేలాడదీసుకునేవారికి, గడ్డిమోపు వేసుకొచ్చే రైతులకు గాలి కన్నా బరువే అసలు లెక్క. హ్యాండిల్‌కు బరువు వేలాడితే ముందు చక్రం అటూ ఇటూ గుంజుతుంది. వెడల్పుగా, వెనక్కి వచ్చిన పిడులు చేతికి మీటలా పనికొచ్చి ఆ గుంజుడును అదుపు చేస్తాయి. తెలంగాణ సాయుధ పోరాట నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య పార్లమెంటుకు సైకిల్ మీదే వెళ్లేవారని తెలుగువాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ రోజుల్లో సైకిల్ అంటే పేదవాడి బండి, ఈ వంపు హ్యాండిల్ బండే.

సీటు అందని పిల్లలు ఫ్రేమ్ కడ్డీ కిందినుంచి కాలు దూర్చి కైంచీ తొక్కేటప్పుడు ఈ హ్యాండిల్ వాళ్ల తలకు సమానంగా ఉండేది. ఎత్తు సవరించాలంటే రోడ్డు పక్క సైకిల్ షాపులో నడిమి బోల్టు నాలుగు చుట్లు వదులు చేసి, దాని నెత్తిన సుత్తితో ఒక దెబ్బ వేస్తే లోపలి చీల జారేది. హ్యాండిల్‌ను రెండు వేళ్లు పైకి లాగి మళ్లీ బిగించేవారు. ఆ సౌలభ్యం నేటి ఖరీదైన బైకుల్లో లేదు. వాటి హ్యాండిల్ కింద ఉంగరాల్లాంటి స్పేసర్లు ఉంటాయి. పైకెత్తడానికి ఉన్న అవకాశం ఆ ఉంగరాల మందం మేరకే. కొన్నరోజే ఆ ఉంగరాలు తీసేసి ఫోర్కు గొట్టాన్ని కోయించేసుకుంటే తరువాత చేయగలిగింది పెద్దగా లేదు. బండి అలవాటయ్యే దాకా కోయించకూడదు.

రోడ్ బైక్ హ్యాండిల్

పొట్టేలు కొమ్ముల్లా ముందుకు పోయి కిందికి వంగే డ్రాప్ హ్యాండిల్ పందేల కోసం పుట్టినదే. అయినా దూరప్రయాణికులు దాన్ని ఇష్టపడటానికి కారణం వేరు. చేతులు పెట్టుకోవడానికి దాని మీద చాలా చోట్లున్నాయి: పైన అడ్డకడ్డీ, మలుపు, బ్రేకు లివర్ల మీది రబ్బరు హుడ్లు, కింద వంపు. చెయ్యి ఎంత మెత్తటి పిడి మీద ఉన్నా ఒకే చోట గంట సేపుంటే నొప్పెడుతుంది. చోటు మారుస్తుంటే గట్టి పిడి మీదైనా ఓర్చుకుంటుంది. హ్యాండిల్ సుఖానికి ఇదే కీలకం.

1989లో ఈ కథ ఒక చుట్టు తిరిగి మొదటికి వచ్చింది. టూర్ డి ఫ్రాన్స్ చివరి రోజు వెర్సాయ్ నుంచి పారిస్ దాకా 24.5 కిలోమీటర్ల పందెంలో గ్రెగ్ లెమాండ్ మోచేతులు ఆనించే హ్యాండిల్ వాడాడు. 50 సెకన్లు వెనుకబడి ఉన్నవాడు లారాన్ ఫిన్యాన్‌ను 8 సెకన్ల తేడాతో దాటి మొత్తం టూర్ గెలిచాడు. డ్రైస్ పెట్టిన మోచేతి పలక 172 ఏళ్ల తరువాత, ఈసారి వేగం కోసం, తిరిగొచ్చింది. మామూలు వాళ్లకు మాత్రం ఆ మరుసటి ఏడు వచ్చిన మార్పు ఎక్కువ ఉపయోగపడింది. అంతవరకు గేరు పిడులు ఎక్కువగా ఫ్రేమ్ మీద ఉండేవి, గేరు మార్చాలంటే ఒక చెయ్యి వదలాలి. 1990లో షిమానో బ్రేకు, గేరు రెండింటినీ ఒకే లివర్‌లో కలిపింది. దాంతో హుడ్లే చేతుల కాపురమయ్యాయి. కాబట్టి ఇవాళ హ్యాండిల్ కొలతలన్నీ హుడ్ల మీద చేతులుంచి చూసుకోవాలి.

ఎంపిక

మొదట వెడల్పు. రెండు భుజాల మీది ఎముకల మధ్య దూరం కొలిచి, దానికి దగ్గరి హ్యాండిల్ తీసుకోవడం పాత పద్ధతి, ఇప్పటికీ మంచి ఆరంభం. కంపెనీలు కొన్ని గొట్టం నడిమి నుంచి నడిమికి, కొన్ని అంచు నుంచి అంచుకు కొలుస్తాయి కనుక అడిగి తెలుసుకోవాలి. సన్నటి భుజాల వాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, బండితో వచ్చిన 42 సెంటీమీటర్ల హ్యాండిల్‌తో మెడనొప్పి భరిస్తూ తిరుగుతుంటారు. 38 పెట్టించుకుంటే చేతులు తిన్నగా వస్తాయి. తరువాత చూడాల్సింది హ్యాండిల్ ఎంత ముందుకు పోతుంది, ఎంత కిందికి దిగుతుంది అన్నవి. ముందుకు 70–80, కిందికి 120–130 మిల్లీమీటర్లున్న చిన్న వంపు రకాలు ఎక్కువమందికి నప్పుతాయి. కింది వంపును అసలు పట్టుకోలేకపోతే హ్యాండిల్‌లో సగం వృథా అయినట్టే.

ఉంగరం వేలు, చిటికెన వేలు తిమ్మిరెక్కితే మణికట్టు దగ్గర అల్నార్ నరం నలుగుతోందని అర్థం. సైకిల్ వల్ల ఇలా అవుతుందని ఫ్రెంచి వైద్యుడు దెస్తో 1896లోనే రాశారు. గ్లోవ్స్ కొనేముందు సీటు చూడాలి. సీటు ముక్కు కిందికి వాలి ఉంటే ఒళ్లు ముందుకు జారి, బరువంతా అరచేతుల మీద పడుతుంది. సీటు సమంగా పెట్టి, అప్పటికీ తగ్గకపోతే హ్యాండిల్ ఒక స్పేసర్ మేర ఎత్తాలి, లేదా స్టెమ్ ఒక సెంటీమీటరు పొట్టిది వేయించాలి. ఒకేసారి అన్నీ మారిస్తే ఏది మేలు చేసిందో తెలియదు.

హైదరాబాద్ నుంచి సూర్యాపేటకు సుమారు 135 కిలోమీటర్లు. పోయి రావడమంటే దాదాపు 20 గంటల గడువుండే 300 కిలోమీటర్ల బ్రెవే (గడువులోగా ముగించాల్సిన దూరప్రయాణం) అంత పని. అంత దూరానికి తయారయ్యేవారు పందెగాళ్ల ఫొటోలు చూసి హ్యాండిల్ దించుకోకూడదు. అది సీటుకు సమానంగానో ఇంచీ కిందనో ఉన్నా దారి గడుస్తుంది. మిర్యాలగూడ, కోదాడ వైపు సాగర్ ఎడమ కాలువ కట్టల మీద తిరగాలనుకుంటే, కింది కొసలు బయటికి విచ్చుకున్న గ్రావెల్ హ్యాండిల్ మేలు. మట్టిలో చక్రం జారినా పట్టు దొరుకుతుంది.

చివరగా హ్యాండిల్‌కు చుట్టే టేపు. అది హ్యాండిల్‌లో చవకైన భాగం, చెమటకు తొందరగా పాడయ్యేదీ అదే. చుట్టించేటప్పుడు రెండు కొసల బిరడాలు ఉన్నాయో లేదో చూసుకోవాలి. బోలు గొట్టం అంచు, పడినప్పుడు, కత్తిలా కోస్తుంది.