తలకు దెబ్బ, గంజాయి మీద ఆశ

బలసముద్రం చుట్టుపక్కల ఎవరైనా బండి మీద నుంచి పడి తలకు గట్టి దెబ్బ తగిలితే, పావగడలో మొదటి కట్టు పడగానే వినిపించే మాట ఒకటే: ‘బెంగుళూరు నిమ్హాన్స్‌కు తీసుకుపోండి.’ కర్ణాటకలో ఉన్నా ఇంట్లో తెలుగు మాట్లాడుకునే ఊళ్లు పావగడ తాలూకాలో ఎన్నో. పక్కనున్న హిందూపురం, మడకశిర వాళ్లు కూడా ఇలాంటి కష్టం వస్తే బెంగుళూరు దారే పడతారు. 1847 నాటి పిచ్చాసుపత్రి వారసత్వంతో, 1974లో ఇప్పటి రూపం తీసుకున్న ఆ సంస్థ ఎన్ని వేల తెలుగు కుటుంబాల కన్నీళ్లు చూసిందో!

అక్కడి వైద్యులు గడ్డకట్టిన రక్తాన్ని తీస్తారు, పుర్రె లోపలి ఒత్తిడి తగ్గిస్తారు, ఊపిరి నిలబెడతారు. కానీ తలకు దెబ్బ తగిలాక లోపల మెల్లగా సాగే విధ్వంసాన్ని ఆపే మందు మాత్రం వాళ్ల దగ్గర లేదు. ప్రపంచంలో ఏ ఆసుపత్రిలోనూ లేదు. దెబ్బ తగిలిన క్షణంలోనే పోయిన కణాలు ఎలాగూ పోయాయి. ఆ తర్వాతి గంటల్లో, రోజుల్లో జరిగేదే పెద్ద నష్టం. గాయపడ్డ కణాల నుంచి గ్లూటమేట్ అనే రసాయనం మోతాదు మించి బయటికి వస్తుంది. దాని ధాటికి పక్క కణాల్లోకి కాల్షియం చొరబడి వాటినీ చంపుతుంది. మెదడు వాస్తుంది. పుర్రె గట్టిది కాబట్టి ఆ వాపుకు చోటుండదు, ఒత్తిడి పెరిగి రక్తం అందదు. బతికి బయటపడ్డవాళ్లలో కొందరికి నెలల తర్వాత ఫిట్స్ మొదలవుతాయి. ఇంకొందరి జ్ఞాపకం, కోపతాపాలు, నడక మారిపోయి, ఇంటికి తిరిగొచ్చింది మన మనిషేనా అనిపిస్తుంది.

ఈ విధ్వంసాన్ని ఆపగల మందు కోసం వెతుకుతూ శాస్త్రవేత్తలు గంజాయి మొక్క దాకా వచ్చారు. ఆ దారి మొదలైంది మన దేశంలోనే.

ఐర్లండ్‌లోని లిమరిక్‌లో 1809లో పుట్టిన విలియం బ్రూక్ ఓషానెసీ 1833లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా కలకత్తా చేరాడు. 1835లో అక్కడ మెడికల్ కాలేజీ పెట్టాక అందులో రసాయనశాస్త్రం చెప్పాడు. బజారులో అమ్మే గంజాయినీ, భంగునూ, చరసునూ చూసి ఊరుకోలేదు. పండితులనూ హకీములనూ అడిగి, సంస్కృత, పారశీక గ్రంథాల్లో దాని ప్రస్తావనలు సేకరించాడు. ముందు జంతువులకు ఇచ్చి చూసి, ఆ తర్వాతే రోగుల దగ్గరికి వచ్చాడు. ధనుర్వాతంతో కొయ్యబారిన ఒళ్లు గంజాయి బంకతో చేసిన మందుకు సడలడం గమనించాడు. నలభై రోజుల పసిపాపకు ఆగకుండా వస్తున్న మూర్ఛలు తగ్గాయని రాశాడు. పిచ్చికుక్క కరిచిన రోగి బతకలేదు, యాతన మాత్రం తగ్గిందని అంతే నిజాయితీగా రాశాడు. మోతాదు మించితే మతి చలించడాన్నీ దాచలేదు. 1839లో ఈ వివరాలతో ఆయన చదివిన వ్యాసం యూరప్ వైద్యానికి ఈ మొక్కను పరిచయం చేసింది. మన దేశంలో తంతి తీగలు వేయించినవాడిగానే ఆయనను గుర్తుపెట్టుకున్నాం. నా మటుకు నాకు, నయమైన కేసు పక్కనే చనిపోయిన కేసునూ రాసిన ఆ చెయ్యి అంతకంటే గొప్పది.

అర్ధశతాబ్దం గడిచాక, 1890లో లండన్ వైద్యుడు రస్సెల్ రేనాల్డ్స్ ముప్పై ఏళ్ల అనుభవాన్ని లాన్సెట్ పత్రికలో రాశాడు. మామూలు మూర్ఛరోగానికి గంజాయి పనికిరాదని, మెదడులో ఏదో దెబ్బతిని వచ్చే కొన్ని రకాల ఫిట్స్‌కు మాత్రం ఉపయోగపడుతోందని ఆయన అభిప్రాయం. ఆనాటికి స్కానింగులు లేవు, మోతాదు నిలకడగా ఉండే మందూ లేదు. ఒక సీసాకూ ఇంకో సీసాకూ బలం తేడా ఉండేది. వైద్యులు దాన్ని వదిలేయడానికి అదొక పెద్ద కారణం.

ఆ కాలంలోనే ఈ మొక్క తెలుగునేల లెక్కల్లోకీ ఎక్కింది. గంజాయి పిచ్చి పుట్టిస్తోందన్న ఆరోపణ బ్రిటిష్ పార్లమెంటు దాకా పోవడంతో 1893లో ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ వేశారు. మద్రాసు రాజధానిలో సాగు ఎక్కువగా జరిగిన చోట్లలో అప్పటి కృష్ణా జిల్లా బాపట్ల తాలూకా ఒకటి. అక్కడి దగ్గుబాడు ఊరి పేరు కమిషన్ నివేదికలో కనిపిస్తుంది. కమిషన్ 1,193 మంది సాక్షులను విచారించింది. 1892లో పిచ్చాసుపత్రుల్లో చేరిన 1,344 మందిలో 222 మందికి గంజాయే కారణమని రిజిస్టర్లలో రాసి ఉంటే, ఒక్కొక్క కేసునూ తవ్వి చూసి 98కి కుదించింది. చాలాచోట్ల రోగిని తెచ్చిన పోలీసు చెప్పిన మాటనే గుమాస్తా కారణంగా రాసేశాడని తేలింది. మితంగా వాడేవారికి పెద్ద హాని లేదని, మితిమీరితే ఉందని, నిషేధం కంటే పన్నులతో అదుపు మేలని కమిషన్ తేల్చింది. వదంతినీ రుజువునూ విడదీయడానికి పడ్డ ఆ శ్రమ ఈరోజు ఈ విషయం రాసే ఎవరికైనా పాఠం.

గంజాయిలోని అసలు రసాయనాల గుట్టు విప్పినవాడు, తర్వాతి కాలంలో జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయ ఆచార్యుడైన రఫేల్ మెకూలమ్. ఆయన బృందం 1963లో కన్నాబిడయాల్ నిర్మాణాన్ని, 1964లో మత్తునిచ్చే టీహెచ్‌సీని తేల్చింది. 1992లో మన మెదడే తయారుచేసుకునే గంజాయి లాంటి పదార్థాన్ని కనుక్కుని, సంస్కృతంలోని ఆనందం నుంచి ఆనందమైడ్ అని పేరు పెట్టింది. 2001లో నేచర్ పత్రికలో వచ్చిన పని మన విషయానికి మరీ దగ్గరిది. ఎలుకల తలకు దెబ్బ తగిలినప్పుడు వాటి మెదడు తనంతట తాను ఈ కోవకే చెందిన 2-ఏజీ అనే పదార్థాన్ని ఎక్కువగా ఉత్పత్తి చేస్తోందని, బయటి నుంచి ఇంకాస్త ఇస్తే వాపు తగ్గి ఎలుకలు త్వరగా కోలుకుంటున్నాయని అందులో చూపించారు. గాయపడ్డ మెదడు తనను తాను కాపాడుకోవడానికి ఎంచుకున్న దారి అదేనేమో అన్న ఆశ పుట్టింది.

అదే ప్రయోగశాలలో తయారైన డెక్సానబినాల్ అనే కృత్రిమ మందు మత్తివ్వదు. గ్లూటమేట్ దాడిని అడ్డుకుంటుంది. ఇజ్రాయెల్‌లో 67 మంది మీద చేసిన తొలి పరీక్షలో మెదడు ఒత్తిడి అదుపులో ఉంది. ఆ ఉత్సాహంతో 15 దేశాల్లో 86 కేంద్రాల్లో, తీవ్రంగా తల గాయపడిన 861 మందితో పెద్ద పరీక్ష నడిపారు. దెబ్బ తగిలిన ఆరు గంటల్లోపు కొందరికి మందు, కొందరికి మందు లేని సూది. 2006లో ఫలితం వచ్చింది. ఆరు నెలల తర్వాత కోలుకోలేనివాళ్లు మందు ఇచ్చిన వారిలో 50 శాతం, ఇవ్వనివారిలో 51 శాతం. అంటే తేడా లేనట్టే.

ఆ అంకెల వెనుక ఎన్ని ఇళ్లున్నాయో తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. అయినా ఆ పరీక్ష జరగడం మంచిదయింది. జరగకపోయి ఉంటే, పనిచేయని ఖరీదైన మందును నమ్మి పొలం తాకట్టు పెట్టే కుటుంబాలు మన వైపు కూడా ఉండేవి. ఎలుకకు పనిచేసింది మనిషికి ఎందుకు పనిచేయలేదనే ప్రశ్నకు చెప్పే ఒక కారణం ఇది: ప్రయోగశాలలో ఎలుకలన్నిటికీ ఒకే రకం దెబ్బ, రోడ్డు మీద ఏ ఇద్దరికీ ఒకే దెబ్బ కాదు.

2014లో లాస్ ఏంజిలిస్ ప్రాంతపు ఆసుపత్రి ఒకటి 446 మంది తలగాయం రోగుల రికార్డులు తిరగేసింది. ఒంట్లో టీహెచ్‌సీ ఆనవాలు ఉన్నవారిలో 2.4 శాతం, లేనివారిలో 11.5 శాతం మరణించారు. ఈ అంకె చాలా ప్రచారమైంది. అయితే మూత్రంలో ఆ ఆనవాలు వారాల తరబడి నిలవగలదు. దెబ్బ తగిలినప్పుడు మత్తులో ఉన్నట్టు గానీ, గంజాయే కాపాడినట్టు గానీ అది చెప్పదు. పాత రికార్డుల్లో కనిపించిన పొంతన మీద ఎవరికీ వైద్యం చేయకూడదు.

నిలబడ్డ విజయం ఒకటుంది. శుద్ధి చేసిన కన్నాబిడయాల్‌ను 2018 జూన్‌లో అమెరికా చిన్నపిల్లల్లో వచ్చే రెండు అరుదైన, మొండి మూర్ఛవ్యాధులకు అనుమతించింది. ఓషానెసీ చూసిన పసిపాపకూ ఈ మందుకూ మధ్య దాదాపు 180 ఏళ్లు. తల దెబ్బ తర్వాత వచ్చే ఫిట్స్‌కు మాత్రం ఆ అనుమతి లేదు. మన 1985 మాదకద్రవ్యాల చట్టం పూమొగ్గల గంజాయిని నిషేధించి, విడిగా ఉన్న ఆకునూ గింజనూ వదిలింది. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి అత్యంత ప్రమాదకర జాబితా నుంచి గంజాయిని తొలగించే ఓటింగులో భారత్ అనుకూలంగా ఓటేసింది. పరిశోధనకు తలుపు తెరుచుకుందే తప్ప, ఇంటి వైద్యానికి కాదు.

కాబట్టి నిమ్హాన్స్ వార్డు బయట కూర్చున్న వాళ్లు ఎవరో ఇచ్చిన సీసా తైలాన్ని రోగి నోట్లో పొయ్యకూడదు. ఇప్పటికే పోసి ఉంటే, లేదా దెబ్బకు ముందు రోగికి గంజాయి అలవాటు ఉంటే, సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పాలి. కన్నాబిడయాల్ క్లోబజామ్ ప్రభావాన్ని పెంచి మగత ముంచెత్తేలా చేస్తుంది, వాల్‌ప్రోయేట్‌తో కలిస్తే కాలేయానికి ముప్పు తెస్తుంది. ఫిట్స్‌కు తరచూ రాసే మందుల్లో ఆ రెండూ ఉంటాయి.