తుపాకీ మార్చితే గురి కుదురుతుందా?



ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి వ్రాయమని సంపాదకవర్గం వారు కోరారు. శాతవాహనుల గురించో కాకతీయుల గురించో సాధికారంగా వ్రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను 1974లో ఎల్.డి.సి.గా చేరింది మొదలు చాలాకాలం ఆయుధాల స్టోర్సు సీటులో పని చేసినవాడిని. కాబట్టి నాకు పరిచయమున్న విషయాన్నే ఎంచుకున్నాను. చేతి తుపాకీతో గురి బాగుపడాలంటే మెరుగైన తుపాకీ కొనాలా, శిక్షణ ఇప్పించాలా అన్నదే ఆ విషయం. పెన్షనర్లకు ఇదేం గొడవ అని నవ్వకండి. ఈ మధ్యనే ఈ ప్రశ్న మా ఇంటి గుమ్మంలోకి వచ్చి కూర్చుంది.

మా మనవడికి పదహారేళ్లు. హైదరాబాదులో ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటున్నాడు. ఏడాదిగా స్కోరు ఒకేచోట ఆగిపోయింది. "తాతయ్యా, ఈ పిస్టల్‌తో ఇంతకంటే రాదు. ఫారిన్‌ది కొంటే వస్తుంది" అన్నాడు. వెల అడిగితే లక్ష దాటింది. కోచ్ గారేమో వారానికి రెండు రోజులు చాలదు, ఐదు రోజులు రావాలంటున్నారు. దానికి ఫీజు వేరే. రెండూ భరించే స్తోమత మా అబ్బాయికి లేదు. నా దగ్గర దాచిన సొమ్ము కొంత ఉంది. దాన్ని ఏ పద్దు కింద ఖర్చు వ్రాయాలి?

ముందు చిన్న లెక్క. పోలీసులు వాడే పిస్టల్‌కు ముందు సైటుకూ వెనుక సైటుకూ మధ్య దూరం సుమారు 16 సెంటీమీటర్లు. ఈ రెండింటి పొందికలో ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే, 25 మీటర్ల దూరంలో గుండు 15 సెంటీమీటర్లకు పైగా పక్కకు పోతుంది. రైఫిల్‌కు ఆ దూరం చాలా ఎక్కువ గనుక తప్పు అంతగా పెరగదు. అదే పిస్టల్‌ను బల్లకు బిగించి పేల్చితే, మామూలు రకమైనా సరే, గుండ్లన్నీ ఇంచుమించు అరచేతిలో ఇమిడే వలయంలోనే పడతాయి. అంటే దాని పని అది చేస్తూనే ఉంటుంది. ఆ మిల్లీమీటరు తేడా వచ్చేది ట్రిగ్గరు మీద వేలు చేసే గుంజుడులో, చప్పుడుకు ముందే భయంతో బిగుసుకునే మణికట్టులో.

ఈ సంగతిని బాగా ఎరిగి ఆచరణలో పెట్టినది షాంఘై మునిసిపల్ పోలీసు శాఖ. చైనాలో ఉన్నా విదేశీయుల పెత్తనంలో నడిచిన నగర విభాగమది. మన దేశం నుంచి వెళ్లిన సిక్కు పోలీసులు కూడా అందులో పని చేసేవారు. విలియం ఫెయిర్‌బెయిర్న్ అనే ఆంగ్లేయుడు 1907లో అందులో చేరి 1940 దాకా ఉన్నాడు. ఎరిక్ సైక్స్ అనే సహచరుడితో కలిసి 1942లో పిస్టల్ శిక్షణపై ఒక పుస్తకం ప్రచురించాడు. పన్నెండున్నర సంవత్సరాలలో తమ శాఖకు సాయుధ దుండగులతో 666 సార్లు ఎదురుకాల్పులు జరిగాయని అందులో లెక్క చెప్పారు.

ఆయన చేసిందేమిటంటే, గుండ్రని కాగితపు లక్ష్యం ముందు తీరికగా నిలబడి కొట్టే పద్ధతిని పక్కనపెట్టాడు. మనిషంత బొమ్మలు, చాలీచాలని వెలుతురు, ఎటునుంచి ఏది లేస్తుందో తెలియని గదులు ఏర్పాటు చేసి, అందులో తన వాళ్లను నడిపించాడు. పిస్టల్‌లోనూ ఒక మార్పు చేయించాడు. అయితే కొత్తగా ఏమీ తగిలించలేదు. సేఫ్టీ మీట పని చేయకుండా మేకు బిగించి, ఆపత్సమయంలో వేలికి ఒక పని తగ్గించాడు. పరికరంలో మార్పు కూడా శిక్షణకు అనుగుణంగా జరగడమంటే అదీ.

ఇక హంగేరీ సైన్యంలోని కారోలి తకాచ్ కథ మీలో కొందరు వినే ఉంటారు. 1938లో కుడిచేతిలో గ్రెనేడ్ పేలి, పిస్టల్ పట్టే చేయి కాస్తా ఛిద్రమైంది. నెలరోజులు ఆసుపత్రిలో ఉండి బయటికొచ్చి, ఎవరికీ చెప్పకుండా ఎడమచేత్తో సాధన మొదలుపెట్టాడు. 1939లో హంగేరీ జాతీయ పిస్టల్ ఛాంపియన్ అయ్యాడు. యుద్ధం వల్ల 1940, 1944 ఒలింపిక్స్ జరగలేదు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో 38 ఏళ్ల వయస్సులో ర్యాపిడ్ ఫైర్ పిస్టల్ పోటీలో 580 పాయింట్లతో ప్రపంచ రికార్డు సృష్టించి స్వర్ణం గెలిచాడు. 1952లో హెల్సింకీలో మళ్లీ స్వర్ణమే. ఆయన మార్చింది పిస్టల్‌ను కాదు, చేతిని!

అమెరికా సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే అక్కడ కథ మన ఆఫీసులను గుర్తుకు తెస్తుంది.

1970 ఏప్రిల్ 5 అర్ధరాత్రి వేళ కాలిఫోర్నియాలోని న్యూహాల్ వద్ద ఇద్దరు దుండగుల చేతిలో నలుగురు హైవే పోలీసులు కొద్ది నిమిషాలలో ప్రాణాలు కోల్పోయారు. విచారించగా బయటపడిన లోపాలలో ఒకటి ఇది. కొందరు డ్యూటీలో వాడుతున్నవి శక్తివంతమైన మాగ్నమ్ తూటాలు, శిక్షణలో పేల్చినవి మెత్తని పాయింట్ త్రీ ఎయిట్ తూటాలు. నేర్చుకున్నది ఒకటి, చేతికిచ్చినది మరొకటి.

తరువాత 1986 ఏప్రిల్ 11, మయామీ నగరం వెలుపల. ఇద్దరు బ్యాంకు దొంగలు, ఎనిమిది మంది ఎఫ్.బి.ఐ. ఏజెంట్లు. ఐదు నిమిషాలలోపే ముగిసిన ఆ కాల్పులలో ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు. దొంగలిద్దరూ హతులయ్యారు. వారిలో ఒకడికి మొదట్లోనే తగిలిన 9 ఎం.ఎం. గుండు ఒకటి చేతిగుండా ఛాతీలోకి దిగి, గుండెకు కొద్ది దూరంలో ఆగిపోయింది. ఆ తరువాతనే వాడు చాలా నష్టం చేశాడు. అందుచేత నింద ఆ గుండు మీద పడింది. అది పూర్తిగా అన్యాయమని నేను అనను. ఆ దొంగకు 12 గాయాలు, రెండోవాడికి 6 తగిలాయంటే, ఏజెంట్లకు గురి లేదని చెప్పడానికి వీల్లేదు. దొంగ చేతిలో ఉన్నది రైఫిల్, వీరిలో ఎక్కువమంది దగ్గర ఉన్నవి చేతి తుపాకులు. పరికరం తేడా అక్కడ నిజంగానే ఉంది.

కానీ ఆనాటి చిన్న వివరాలు కూడా చూడండి. ఆ కార్యాలయంలో మంచి గురికాడని పేరున్న ఏజెంటు, కార్లు ఢీకొన్నప్పుడు కళ్లద్దాలు పోగొట్టుకున్నాడు. చనిపోయిన ఇద్దరిలో ఆయన ఒకరు. మన వయస్సు వారికి ఈ వాక్యం ఎక్కడ గుచ్చుకుంటుందో వేరే చెప్పనక్కరలేదు. చివరకు కాల్పులను ముగించినది ఎడ్మండో మిరెలెస్ అనే ఏజెంటు. ఒక చేయి ఛిద్రమై ఉండగా, షాట్‌గన్‌ను ఒంటిచేత్తో లోడ్ చేసుకుంటూ పేల్చి, ఆపైన రివాల్వర్ తీసి ముందుకు నడిచాడు.

ఆ పిమ్మట ఎఫ్.బి.ఐ. వారు పెద్ద తూటా కోసం వెదికారు. 10 ఎం.ఎం. తెచ్చారు. దాని తన్ను చాలామంది చేతులకు ఆగలేదు. అందులో మందుగుండు తగ్గించారు. అంత తగ్గించాక అంత పెద్ద తూటా ఎందుకని 1990లో పాయింట్ ఫార్టీ అనే కొత్త కొలత తూటా తయారైంది. 1997లో ఆ కొలతకు గ్లాక్ పిస్టళ్లు వచ్చాయి. చివరకు 2014లో వారి శిక్షణ విభాగమే ఒక పత్రం వ్రాసి, తిరిగి 9 ఎం.ఎం.కే వెళ్లడం మేలని తేల్చింది. 2016లో ఆ మేరకు కొనుగోలు ఒప్పందం జరిగింది. ఇరవయ్యెనిమిదేళ్లు తిరిగి పాత కొలతకే వచ్చారు. గుండు తయారీ మాత్రం ఈలోగా బాగా మెరుగుపడిందన్నది ఒప్పుకోవాలి. అయితే ఆ పత్రంలో నన్ను ఆపిన మాట వేరు. నిజమైన ఎదురుకాల్పులలో పోలీసులు పేల్చిన గుండ్లలో తగిలేవి సగటున 20 నుంచి 30 శాతమేనని వారే వ్రాశారు. తన్ను తక్కువైతే ఎక్కువమంది వేగంగా, సరిగా కొట్టగలుగుతున్నారని కూడా వ్రాశారు.

ఇన్నేళ్లు ఎందుకు పట్టింది? నా గుమస్తా బుద్ధికి తోచిన కారణం చెబుతాను. తుపాకీ కొనడం నాన్ రికరింగ్ ఖర్చు. ఒక ప్రతిపాదన, ఒక మంజూరు, సరుకు ముట్టినట్టు ఒక సంతకం, ఫైలు క్లోజు. శిక్షణ రికరింగ్. ఏటేటా అడగాలి, ఏటేటా ఎందుకని అడిగించుకోవాలి. కొన్నది బీరువాలో కనబడుతుంది, ఆడిట్ వారికి చూపించవచ్చు. పేల్చిన తూటాకు చూపించేది ఖాళీ కేసు ఒక్కటే.

ఈ మాట నేను ఊరికే అనడం లేదు. 1980ల తొలినాళ్లలో నేను పని చేసిన ఒక కార్యాలయంలో పాత రివాల్వర్ల స్థానే కొన్ని కొత్త పిస్టళ్లు మంజూరయ్యాయి. ఆ ఖర్చుకు సరిపడా ఎక్కడో ఆదా చూపాలి. "నూతన ఆయుధములు మిక్కిలి కచ్చితమైనవి గనుక అభ్యాసమునకు తూటాల ఇండెంటును సగమునకు తగ్గించవచ్చును" అని నోటు పెట్టినది నేనే. సూపరింటెండెంటు గారు "నోటు బాగా పెట్టావోయ్" అని మెచ్చుకున్నారు. నాకప్పటికి తుపాకీ పేల్చడమంటే ఏమిటో తెలియదు.

తూటాలు ముట్టిన రోజున ఆర్మరర్ పని చూసే హెడ్డుగారు నా బల్ల దగ్గరికి వచ్చారు. "సగమే వచ్చాయేమండీ గుమస్తాగారూ?" అన్నారు. కొత్త పిస్టళ్లు వచ్చాయి కదా అన్నాను. ఆయన నా బల్ల మీది కలం చూసి, "కొత్త కలం కొనిస్తే తమరి చేతివ్రాత మారుతుందాండీ?" అని, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయారు.

ఖాళీ కేసులు లెక్కపెట్టి రిజిస్టరులో ఎక్కించడానికి ఆ ఏడాది చాంద్‌మారీకి నేనూ వెళ్లాను. కొత్త పిస్టళ్లు తళతళలాడుతున్నాయి. లక్ష్యాల మీది చిల్లులు మాత్రం పాత ఏడాదికంటే చెల్లాచెదురుగా ఉన్నాయి.

కొన్ని నెలలకు రాత్రి డ్యూటీలో ఉన్న మా వాళ్లలో ఒక కానిస్టేబుల్ ఆత్మరక్షణకు పిస్టల్ పేల్చవలసి వచ్చింది. నాలుగు గుండ్లు పేల్చితే ఒక్కటీ తగలలేదు. ఎదుటివాడి కత్తి ఆయన కుడిభుజంలో దిగింది. ప్రాణం దక్కింది గాని, ఆ చేయి మళ్లీ పూర్తిగా పైకి లేవలేదు. విచారణలో పిస్టల్ సరిగా పని చేసిందా అని అడిగారు. చేసిందని ధ్రువపత్రం ఇచ్చారు. ఆ మనిషి అంతకుముందు ఎన్ని తూటాలు పేల్చాడని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే జవాబు నా రిజిస్టరులో ఉంది. ఆయన వైద్యఖర్చుల బిల్లు కూడా నా బల్ల మీదికే వచ్చింది. ఒక్క కొర్రీ వేయకుండా పంపాను. అంతకంటే నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది.

మరుసటి ఏడాది ఇండెంటు పూర్తిగా పెట్టాను. నా పాత నోటునే ఉదహరిస్తూ తిప్పి పంపారు! మూడోసారికి గాని మంజూరు కాలేదు. ఈలోగా హెడ్డుగారు ఊరుకోలేదు. రోజూ ఉదయం పరేడ్ తరువాత ఖాళీ పిస్టల్ పట్టించి, దాని మీద ముందు సైటు దగ్గర రూపాయి బిళ్ల నిలబెట్టి, బిళ్ల పడకుండా ట్రిగ్గరు నొక్కమనేవారు. ఒకసారి నన్నూ పట్టుకోమన్నారు. పదిసార్లు నొక్కితే పదిసార్లూ బిళ్ల కింద పడింది. ఆ తరువాతి చాంద్‌మారీలో చిల్లులు దగ్గరకు చేరాయి. పిస్టళ్లు అవే.

ఇదంతా మనవడికి చెప్పాను. వాడు సెల్‌ఫోనులో నాకు 2024 పారిస్ ఒలింపిక్స్ చూపించాడు. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ మిక్స్‌డ్ పోటీలో టర్కీకి చెందిన 51 ఏళ్ల యూసుఫ్ దికెచ్, చాలామంది పెట్టుకునే ప్రత్యేక కటకాలూ కంటిరెప్పలూ లేకుండా, మామూలు కళ్లద్దాలతో, ఒక చేయి జేబులో పెట్టుకుని, జోడీతో కలిసి రజతం గెలిచాడు. "పిస్టల్ మాత్రం పోటీ పిస్టలే కదా తాతయ్యా" అన్నాడు వాడు. నిజమే. అదే పోటీలో మన మనూ భాకర్, సరబ్‌జోత్ సింగ్‌లకు కాంస్యం వచ్చింది. మనూకు 2021 టోక్యోలో పిస్టల్ మీట విరిగి విలువైన సమయం పోయింది, ఫైనల్ తప్పింది. పరికరం సరిగా ఉండాలనడానికి అదీ సాక్ష్యమే. అయితే ఆమె 2023లో మళ్లీ పాత గురువు జస్పాల్ రాణా దగ్గరికి చేరి, పారిస్‌లో రెండు కాంస్యాలు తెచ్చుకుంది. మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో నాలుగు పతకాలు తెచ్చిన సంగతి కూడా వాడే గుర్తు చేశాడు.

ఉన్న పిస్టల్‌ను మెకానిక్‌కు చూపించి బాగుచేయించాను. మిగతా సొమ్ము ఏడాదికి కోచింగ్ ఫీజు కట్టాను. మనవడు వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. తరువాత ఒకనాటి సాయంత్రం వచ్చి, "ఇప్పటి రూపాయి బిళ్లలు మరీ చిన్నవి తాతయ్యా, సరిగా నిలవడం లేదు" అన్నాడు. మా ఇంటావిడ పోపులపెట్టెలో చిల్లర వేసే గిన్నె తీసి వెదికితే 1982 నాటి పెద్ద బిళ్ల ఒకటి దొరికింది. అది తీసుకుని వెళ్లాడు. ఇంకా తిరిగి ఇవ్వలేదు.