బండికి ఎర్త్ ఎక్కడ కట్టాలి? టెలిగ్రాఫ్ తీగ నుంచి మన స్ప్లెండర్ దాకా



ఈమధ్య మన ఊళ్ళల్లో బండికి ఏదో ఒకటి అదనంగా పెట్టించుకోనివాళ్ళు తక్కువ. పొలం దారిలో రాత్రిపూట పనికొస్తాయని ఎల్ఈడీ లైట్లు, అడవి పందుల్ని బెదిరించడానికి గట్టి హారన్, సెల్లు పెట్టుకోవడానికి చార్జర్. పెట్టించిన నెలా రెండు నెలలకే లైటు మినుకు మినుకుమంటుంది, హారన్ గొంతు పోతుంది, చార్జర్ ఎక్కీ ఎక్కనట్టు ఎక్కుతుంది. మనం లైటు నాసిరకం అనుకుంటాం. చాలాసార్లు తప్పు లైటుది కాదు, ఎర్త్‌ది. ఎర్రతీగ ఎక్కడ కలపాలో అందరూ జాగ్రత్తగా చూస్తారు. నల్లతీగని మాత్రం దగ్గర్లో ఏ బోల్టు కనిపిస్తే దానికి బిగించేస్తారు. "ఇనుమేగా, ఎక్కడైతే ఏంది" అంటారు. ఈ మాట వెనక దాదాపు 190 ఏళ్ళ చరిత్ర ఉంది. అది తెలిస్తే నల్లతీగ ఎక్కడ కట్టాలో ఎవరూ చెప్పనక్కర్లేదు.

అసలు ఎర్త్ అనే మాట ఎక్కడిది?

కరెంటుకి పోయే దారి ఒకటి, తిరిగొచ్చే దారి ఒకటి ఉండాలి. కాలవ నీళ్ళలాగా ఒకవైపు పోయి ఊరుకునేది కాదు, తిరిగి బ్యాటరీకి చేరాలి. అందుకే మొదట్లో టెలిగ్రాఫుకి రెండు తీగలు లాగేవాళ్ళు. 1838లో జర్మనీలో స్టెయిన్‌హైల్ అనే శాస్త్రవేత్త రైలు పట్టాలనే తీగలుగా వాడొచ్చా అని చూస్తే, కరెంటు పట్టా నుంచి నేలలోకి దిగి, నేలలోంచి రెండో పట్టాకి పోతోందని తేలింది. అంటే తిరుగు దారికి తీగే అక్కర్లేదు, రెండు చివర్లా నేలలో రేకు పాతితే చాలు. సగం తీగ మిగిలింది. మన దేశంలో 1851లో కలకత్తా నుంచి డైమండ్ హార్బర్‌కి టెలిగ్రాఫ్ లైను పడేనాటికి ఈ సంగతి తెలిసిన విద్యే. నేల తిరుగు దారి అయింది కాబట్టి ఆ దారికి 'ఎర్త్' అని పేరు స్థిరపడింది.

తర్వాత బండ్లొచ్చాయి. బండికి రబ్బరు టైర్లు, నేలతో సంబంధం లేదు. అయినా పేరు అదే ఉండిపోయింది. నేల చేసే పని ఇక్కడ చాసీ చేస్తుంది. కాబట్టి బండి ఎర్త్ అంటే భూమి కాదు, బ్యాటరీకి తిరిగి చేరే దారి. ఇది ఒక్కటి గుర్తు పెట్టుకోండి.

ఇక్కడే ఇంకో మాట. మోటారు దగ్గర స్టార్టర్ డబ్బాకి గుంత తీసి, ఉప్పు, బొగ్గు వేసి కట్టే ఎర్త్ వేరు. అది మన ప్రాణం కాపాడడానికి. కొందరు ఒక ఫేజు తీసుకుని నేలలో కడ్డీ పాతి బల్బు వెలిగిస్తారు. న్యూజిలాండ్‌లో మాండెనో అనే ఇంజనీరు 1925 ప్రాంతంలో ఒంటితీగతో, నేల తిరుగు దారిగా పల్లెలకి కరెంటు ఇచ్చిన మాట నిజమే. దానికి విడిగా ట్రాన్స్‌ఫార్మర్లు, లోతైన ఎర్తింగులు పెట్టి, లెక్క కట్టి చేశారు. మనం కడ్డీ పాతితే ఆ తడి నేల మీద కాలు పెట్టినవాడికి షాకు. పశువులకి ఇంకా ప్రమాదం. దయచేసి ఆ పని చేయకండి.

బండికి కరెంటు ఎట్లా వచ్చింది?

తొలి మోటారు సైకిళ్ళకి కరెంటు లైటు లేదు. కార్బైడ్ మీద నీటిచుక్కలు పడితే పుట్టే గ్యాసుతో దీపం వెలిగేది. మామిడికాయలు మాగబెట్టే ఆ కార్బైడే. కరెంటు కావాల్సింది ప్లగ్గులో నిప్పురవ్వకే. జర్మనీలో రాబర్ట్ బాష్ 1887లో మ్యాగ్నెటో చేశాడు, 1902లో ఆయన దగ్గర పనిచేసే హోనోల్డ్ ఇప్పటి పద్ధతి ప్లగ్గుతో నడిచే మ్యాగ్నెటో తయారుచేశాడు. ప్లగ్గుని చూడండి, దానికి ఒకటే తీగ. రెండో తీగ ఏదీ? ప్లగ్గు మర, ఇంజన్ బాడీ. అంటే మొదటి రోజు నుంచే బండి ఇంజన్ తన ఒళ్ళునే తిరుగు దారిగా వాడుకుంది.

1920ల్లో ఇంగ్లండులో మ్యాగ్నెటో, డైనమో కలిసిన 'మ్యాగ్డైనో' వచ్చింది. బర్మింగ్‌హామ్ లూకాస్ కంపెనీది బాగా పేరుపడింది. దాంతో 6 వోల్టుల లైట్లు వచ్చాయి. తీగ ఖర్చు తగ్గించుకోవడానికి అందరూ చాసీనే తిరుగు దారి చేశారు. హెడ్‌లైటు ఎర్త్ ఎటు పోయేది? డూము నుంచి ఫోర్కుకి, ఫోర్కు నుంచి కోన్‌సెట్ గోళీల మీదుగా చాసీకి. ఆ గోళీలకి గ్రీజు ఉంటుంది, హ్యాండిల్ తిప్పినప్పుడల్లా కదులుతాయి. కదిలినప్పుడల్లా లైటు మినుకు. లూకాస్‌ని అక్కడి జనం 'చీకటి రాజు' అని ఎగతాళి చేసేవాళ్ళు. ఆ ఎగతాళిలో సగం పాపం ఎర్త్‌దే అని నా అభిప్రాయం. తర్వాత తర్వాత హెడ్‌లైటు నుంచి విడిగా ఎర్త్ తీగ లాగడం మొదలుపెట్టారు.

ఆ కాలంలో ఇంకో వింత. 1950ల నాటికి ఇంగ్లీషు బండ్లలో బ్యాటరీ ప్లస్‌ని చాసీకి కట్టేవాళ్ళు. తుప్పు తగ్గుతుందని, ప్లగ్గు బాగా కొడుతుందని కారణాలు చెప్పేవాళ్ళు. ఆ బండ్లలో ఎర్త్ తీగ రంగు ఎరుపు! ఎర్రది ప్లస్, నల్లది ఎర్త్ అనుకునే మనవాడు ఆ బండి విప్పితే తల తిరుగుతుంది. డయోడ్లు, ట్రాన్సిస్టర్లు వాడకంలోకి వచ్చాక లోకమంతా మైనస్ ఎర్త్‌కి మారింది. ఇంగ్లీషు కార్లు 1960ల్లో మారితే, మోటారు సైకిళ్ళు 1970ల దాకా లాగాయి. ఇప్పటికీ పాత ఇంగ్లీషు బండి ఉన్నవాళ్ళు ఎల్ఈడీ లైటు పెట్టేముందు బ్యాటరీ ఏ వైపు చాసీకి కట్టి ఉందో చూసుకోవాలి. తిరగేసి పెడితే అది వెలగదు, ఒక్కోసారి కాలిపోతుంది.

1967లో వచ్చిన నార్టన్ కమాండో బండిలో అదురు తెలియకుండా ఇంజన్ని రబ్బరు బుష్షుల మీద కూర్చోబెట్టారు. రబ్బరులోంచి కరెంటు పోదు కదా. ఇంజనుకీ చాసీకీ మధ్య విడిగా ఎర్త్ తీగ వేయాల్సొచ్చింది. ఈ పాఠం మనకి ఇప్పుడు బాగా పనికొస్తుంది. ఎందుకంటే ఇప్పటి బండ్లలో ఎన్ని భాగాలు రబ్బరు మీద కూర్చున్నాయో లెక్కే లేదు.

మన దగ్గరికి వద్దాం

1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది. 1960ల మొదట్లో మైసూరులో జావా, ఆ తర్వాత రాజ్‌దూత్. ఆ తరం జావా, రాజ్‌దూత్‌లు 6 వోల్టుల బండ్లు. 1985లో హీరో హోండా సీడీ100, 1994లో స్ప్లెండర్ వచ్చాక పల్లె పల్లెకీ బండి చేరింది. 12 వోల్టులు మామూలైపోయింది.

ఈ 6 కీ 12 కీ తేడా ఎర్త్ విషయంలో చాలా ఉంది. 35 వాట్ల లైటు 6 వోల్టుల మీద దాదాపు 6 ఆంపియర్లు లాగుతుంది, 12 మీద దాదాపు 3. తుప్పు పట్టిన బోల్టు దగ్గర నష్టం ఆంపియర్ని బట్టి ఉంటుంది. మామూలు ఫిలమెంటు బల్బుకి వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుతురు దాదాపు మూడో వంతు పోతుంది. పాత రాజ్‌దూత్ లైటు కొవ్వొత్తిలా ఎందుకుండేదో ఇప్పుడు అర్థమైందా? 12 వోల్టులు వచ్చాక చిన్నా చితకా ఎర్త్ లోపాలు కనపడకుండా పోయాయి. మనకి అక్కడే అలుసైంది.

స్ప్లెండర్ లాంటి ఆ తరం బండ్లలో హెడ్‌లైటు బ్యాటరీ మీద కాకుండా నేరుగా మ్యాగ్నెట్ కాయిల్ మీద నడిచేది. రేజ్ చేస్తే వెలుగు, స్లో చేస్తే మసక. 2017 ఏప్రిల్ నుంచి ఇంజన్ ఆన్ అయితే లైటు దానంతటదే వెలగాలన్నారు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 వచ్చింది, కార్బురేటర్ పోయి చాలా బండ్లకి కంప్యూటర్ డబ్బా వచ్చింది. ఆ డబ్బా సెన్సార్లు పంపే చిన్న చిన్న వోల్టేజీలు చదివి పెట్రోలు ఎంత పోయాలో లెక్క వేస్తుంది. ఆ సెన్సార్ల ఎర్త్ తీగలో మన లైటు కలిపామనుకోండి, లెక్క తప్పుతుంది. బండి ఆగిపోవడం, మీటరులో ఇంజన్ గుర్తు వెలగడం మామూలే. 1970ల మెకానిక్ ఏ తీగకి కట్టినా చెల్లింది, ఇప్పుడు చెల్లదు.

మరి ఎక్కడ కట్టాలి?

అన్నిటికన్నా మంచిది బ్యాటరీ మైనస్. అది కుదరకపోతే, బ్యాటరీ మైనస్ నుంచి వచ్చిన కంపెనీ తీగ చాసీకో ఇంజనుకో బిగించిన బోల్టు. కంపెనీ వాళ్ళు అక్కడ పెయింటు లేకుండా చేసే బిగించారు. లైట్లు హ్యాండిల్ దగ్గరున్నా సరే, నల్లతీగ కూడా ఎర్రతీగ పక్కనే వెనక్కి లాగండి. రెండు మీటర్ల తీగ ఖర్చు ఎంతని! చార్జర్ లాంటి చిన్న వాటికైతే హెడ్‌లైటు వెనక ఉన్న కంపెనీ ఎర్త్ తీగకి కలపొచ్చు. హోండా పద్ధతి బండ్లలో అది ఆకుపచ్చ, యమహాలో నలుపు, కవాసాకీ పద్ధతిలో నలుపు మీద పసుపు గీత.

కట్టకూడనివి: హ్యాండిల్, ఫోర్కు, క్రాష్ గార్డు, మడ్‌గార్డు, క్యారియర్, నంబర్ ప్లేటు బోల్టు. ఇవన్నీ పెయింటు మీదో, రబ్బరు మీదో, గ్రీజు మీదో ఉంటాయి. బ్రేకు బోల్టులు, ఇంజన్ పట్టే బోల్టులు అసలు ముట్టుకోవద్దు.

కట్టే పద్ధతి: తీగని చుట్టి బోల్టు కింద నొక్కకండి, చివర లగ్గు వేయించి నొక్కించండి. చాసీకి కడితే ఎమరీ పేపరుతో లోహం మెరిసేదాకా రుద్ది, పళ్ళ వాషర్ వేసి బిగించి, పైన వ్యాజిలిన్ రాయండి. మన బండి యూరియా, పొటాష్ బస్తాలు మోస్తుంది, మందు డబ్బాలు కారుతుంటాయి. పట్నం బండి కన్నా మన బండికి తుప్పు త్వరగా వస్తుంది. ఎర్రతీగకి బ్యాటరీ దగ్గరే ఫ్యూజు మర్చిపోవద్దు.

బాగుందో లేదో తెలుసుకోవడం తేలిక. మోటారు మెకానిక్ దగ్గర ఉండే మల్టీమీటరు చాలు. 20 వోల్టుల డీసీ మీద పెట్టి, లైటు వేసి, ఒక పుల్ల బ్యాటరీ మైనస్ మీద, రెండోది లైటు ఎర్త్ మీద పెట్టండి. సున్నా దగ్గర్లో, 0.1 దాకా ఉంటే బ్రహ్మాండం. 0.2 దాటితే విప్పి శుభ్రం చేయండి. అర వోల్టు ఉంటే ఆ చోటు వదిలేయండి. లైటు వేయకుండా చూస్తే మాత్రం చెడ్డ ఎర్త్ కూడా మంచిగానే కనిపిస్తుంది. 4 ఆంపియర్ల లైటుకి అక్కడ ఒక వోల్టు పోతోందంటే, 4 వాట్ల వేడి ఆ చిన్న బోల్టు దగ్గరే పుడుతోందని అర్థం. అది తీగ తొడుగుని మెత్తబరుస్తుంది. పైనే పెట్రోలు ట్యాంకు ఉంటుంది.

ఇంకో గుర్తు చెబుతా. బ్రేకు తొక్కితే ఇండికేటర్ మసకగా వెలగడం, ఇండికేటర్ వేస్తే హెడ్‌లైటు అదరడం కనిపిస్తే, కరెంటు తన దారి మూసుకుపోయి పక్కవాడి దారిలో పోతోందన్నమాట. కాలవ పూడితే నీళ్ళు పక్క చేలో పడ్డట్టే. బల్బులు మార్చి డబ్బులు తగలేసుకోకుండా ముందు ఎర్త్ చూడండి.

స్టెయిన్‌హైల్ ఒక తీగ మిగిల్చాడు, బండి కంపెనీలు చాసీతో ఇంకో తీగ మిగిల్చాయి. అప్పటి ఇనుము వేరు, ఇప్పటి పెయింటు, రబ్బరు, ప్లాస్టిక్ బండి వేరు. రాత్రి కాలవ గట్టు మీద పిల్లాడు వస్తుంటే ఆ లైటు ఆరకూడదు. అందుకోసం ఆ మిగిల్చిన తీగని మనం తిరిగి వేసుకోవడమే మంచిది.