విశ్వవిద్యాలయ విద్యార్థుల అంతర్జాల వినియోగం - ప్రభావిత కారకాలు (1986–2020): చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

విద్యార్థుల అంతర్జాల వినియోగంపై వెలువడే పరిశోధనలు ఎక్కువగా ప్రశ్నావళులపై ఆధారపడతాయి. రోజుకు ఎన్ని గంటలు, ఏ ప్రయోజనం కోసం వాడుతున్నారని అడిగి, వచ్చిన సమాధానాలను వయస్సు, లింగం, అభిరుచి వంటి వ్యక్తిగత లక్షణాలతో ముడిపెడతాయి. భారతదేశ అనుభవాన్ని కాలక్రమంలో గమనిస్తే, విద్యార్థి అభిరుచి కంటే అనుసంధానం ఎవరి అధీనంలో ఉన్నదనే అంశమే వినియోగాన్ని ఎక్కువగా నిర్ణయించిందని తెలుస్తుంది. ఆ అధీనం ఏయే రూపాలు తీసుకున్నదో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. ప్రయోగశాల దశ:

ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సహకారంతో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో ఎర్నెట్ పథకాన్ని ఆరంభించింది. ఐదు ఐఐటీలు, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, బొంబాయిలోని జాతీయ సాఫ్ట్‌వేర్ సాంకేతిక కేంద్రం, ఎలక్ట్రానిక్స్ శాఖ ఇందులో తొలి భాగస్వాములు. ఈ జాబితాలో ఒక్క రాష్ట్ర విశ్వవిద్యాలయం కూడా లేదు. అందువల్ల ఈ దశలో అంతర్జాలం ప్రధానంగా సాంకేతిక, విజ్ఞానశాస్త్ర పరిశోధకులకే పరిమితమైంది.

3. నెట్ సెంటర్ దశ:

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ ప్రజలకు అంతర్జాల సేవను ప్రారంభించింది. విద్యార్థులకు తక్కువ ధరకు ఇచ్చిన ఖాతాలో అక్షరాలు తప్ప బొమ్మలు కనిపించేవి కావు. ఏమి చూడవచ్చునో కూడా ధరే నిర్ణయించిందన్నమాట. ఆ తరువాత వెలసిన నెట్ సెంటర్లలో గంటల లెక్కన రుసుము ఉండేది. ఈ-మెయిల్, పరీక్షా ఫలితాలు, దరఖాస్తులు వంటి పనులు ముగించుకుని లేవడం అక్కడి పద్ధతి. గడియారం చూసుకుంటూ దీర్ఘ వ్యాసాలను చదవడం సాధ్యం కాదు. 2011నాటి సైబర్ కేఫ్ నిబంధనలు గుర్తింపు పత్రాన్ని తప్పనిసరి చేశాయి. గదుల మధ్య అడ్డుగోడల ఎత్తును నాలుగున్నర అడుగులకు పరిమితం చేశాయి. ధరకు నిఘా తోడైంది.

4. గ్రంథాలయ దశ:

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2002లో యూజీసీ-ఇన్ఫోనెట్‌ను ఆరంభించగా, 2004 నుంచి ఇన్‌ఫ్లిబ్‌నెట్ ద్వారా విశ్వవిద్యాలయాలకు ఎలక్ట్రానిక్ పరిశోధనా పత్రికలు అందసాగాయి. చందా సంస్థ నెట్‌వర్క్ చిరునామాకు ముడిపడి ఉండటం వల్ల, ప్రాంగణం దాటిన పరిశోధకునికి ఆ పత్రికలు సాధారణంగా తెరుచుకునేవి కావు. కళాశాలలకు ఉద్దేశించిన ఎన్-లిస్ట్ పథకం 2010లో గాని రాలేదు.

5. భాషా కారకం:

యూనికోడ్‌లో తెలుగు లిపికి 1991లోనే స్థానం లభించింది. అయినా చాలాకాలం తెలుగు పత్రికలు తమతమ సొంత ఫాంట్లనే వాడటం వల్ల, తెరపై కనిపించే తెలుగు వెతుకులాటకు చిక్కేది కాదు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. తెలుగు మాధ్యమ విద్యార్థి ఆంగ్ల పుటల వైపు మళ్లడాన్ని కేవలం ఇష్టంగా లెక్కించడం ఈ నేపథ్యంలో సరికాదు.

6. చేతి ఫోను - వసతిగృహం:

2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా చౌకయింది. పరికరం విద్యార్థి చేతికి వచ్చినా అధీనం పూర్తిగా రాలేదు. కోళికోడ్ జిల్లాలోని ఒక కళాశాల మహిళా వసతిగృహంలో సాయంత్రం 6 నుంచి రాత్రి 10 గంటల వరకు ఫోను వాడకాన్ని నిషేధించారు. చదువుకునే వేళ అదే. అంగీకరించని బి.ఏ. విద్యార్థినిని వసతిగృహం నుంచి తొలగించగా, ఆమె న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. అంతర్జాల ప్రాప్యత విద్యాహక్కులోనూ గోప్యతాహక్కులోనూ భాగమని కేరళ హైకోర్టు 2019 సెప్టెంబరులో తీర్పునిచ్చి, ఆమెను తిరిగి చేర్చుకోవాలని ఆదేశించింది.

మరుసటి సంవత్సరమే కరోనా వల్ల తరగతులు ఇళ్లకు చేరాయి. 2017-18నాటి జాతీయ నమూనా సర్వే 75వ విడత ప్రకారం కంప్యూటరు ఉన్న కుటుంబాలు గ్రామాలలో 4.4 శాతం, పట్టణాలలో 23.4 శాతం. అంతర్జాల సౌకర్యం ఉన్నవి గ్రామాలలో 14.9 శాతం, పట్టణాలలో 42 శాతం. ప్రాంగణం మూతపడగానే, సంస్థ సమకూర్చిన సమానత్వం కూడా మూతపడింది.

7. ముగింపు:

ధర, స్థలం, వేళ, భాష, నిఘా అనే ఐదు కారకాలు ప్రతి దశలోనూ వేర్వేరు పాళ్లలో పనిచేశాయి. కొత్త దశ వచ్చినప్పుడు పాత అడ్డంకి తొలగిపోలేదు, చేతులు మారింది. కాబట్టి ‘ఎంతసేపు వాడుతున్నారు?’ అనే ప్రశ్నకు ముందు ‘ఎవరి అనుసంధానం, ఏ వేళల్లో, ఎవరి అనుమతితో?’ అనే ప్రశ్న పరిశోధకులు వేయవలసి ఉంది. లేనిపక్షంలో అవకాశం లేకపోవడం ఆసక్తి లేకపోవడంగా నమోదయ్యే ప్రమాదం ఉంది.